ఇరవై మూడో నంబరు కార్డు

"ఇంట్లో శ్రద్ధ తీసుకోవాలి" అని ముప్పై ఒకటో కార్డు మీద రాసి సైన్సు టీచరు స్టవ్వు మంట తగ్గించింది. వంటింటి గట్టు మీద నలభై ఆరు ప్రోగ్రెస్ కార్డులు మూడు దొంతరలుగా ఉన్నాయి. ఎడమచేత్తో కూర కలపడం, కుడిచేత్తో ఆరో తరగతి పిల్లల గుణగణాలు రాయడం ఆమెకి పదకొండేళ్ళ అలవాటు. ఒక కార్డు మీద నూనె చుక్క పడింది. సరిగ్గా 'ప్రవర్తన' అన్న గడిలో పడింది. ఆ పిల్లాడి ప్రవర్తనకి అంతకంటే మంచి మాట ఆమెకి తోచలేదు కాబట్టి తుడవకుండా వదిలేసింది.

హాల్లోంచి అత్తగారు, ఎవరితోనూ కాదన్నట్టు, అందరికీ వినబడేట్టు అంటోంది. ఊళ్ళో పిల్లలందరి చదువూ ఈవిడ నెత్తినే ఉందట, కన్న కూతురి చదువు మాత్రం గాలికి పోయిందట. లెక్కల్లో ఎనభై ఒకటి వచ్చే పిల్లకి యాభై ఎనిమిది వచ్చాయి. మిగిలిన ఇరవై మూడు మార్కులూ ఏ దొంగ ఎత్తుకుపోయాడో ఆ ఇంట్లో అప్పటికే తేలిపోయింది: తల్లి ఉద్యోగం. ఇంటాయన టీవీ వైపు నుంచి మొహం తిప్పకుండానే తీర్పు చెప్పాడు. రేపు బడిలో తల్లిదండ్రుల మీటింగుకి తనే వెళ్తాడు. ఇంట్లో చూసేవాళ్ళు లేకే ఇలా అయిందని పాప టీచరు నోటి వెంట వస్తే, సోమవారం ఈమె రాజీనామా రాసివ్వాలి.

ఆయన మీటింగుకి వెళ్ళడం వెనక ఒక కథ ఉంది. కూతురు చదివేదీ ఆమె బడిలోనే కాబట్టి ఇన్నేళ్ళూ ఆమే వెళ్ళేది. తన క్లాసు తల్లిదండ్రులతో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో మంచినీళ్ళకని లేచి, కూతురి క్లాసుకి పరుగెత్తి, రెండు నిమిషాల్లో విని, రొప్పుతూ వచ్చి కూర్చునేది. పోయినేడు చివర్లో ఇద్దరు టీచర్లు, ఒకరి కొడుకు డ్రాయింగులో అర మార్కు కోసం, స్టాఫ్ రూములో చాక్‌పీసులు విసురుకునేదాకా వెళ్ళారు. పెద్ద మేడమ్ వెంటనే నియమం పెట్టింది. టీచర్ల పిల్లల సంగతి ఆ టీచర్లతో మాట్లాడకూడదు. మీటింగుకి ఇంట్లోంచి రెండో మనిషి రావాలి. డైరీలో సంతకం కూడా రెండో మనిషే పెట్టాలి. పదిహేనేళ్ళ కాపురంలో ఇంటాయన రెండో మనిషి కావడం అదే మొదలు.

ఉద్యోగం మానేయమనడం ఆయనకి ఫ్యాను ఆపమన్నంత తేలిక. ఆ ఉద్యోగంలో ఏముందని ఎన్నోసార్లు అడిగాడు కూడా. ఏముందో చెబితే నవ్వుతాడని ఆమె చెప్పలేదు. ఆ బడిలో ఆమెకో బల్ల ఉంది, బల్లకో సొరుగుంది, సొరుగుకి తాళం ఉంది. ఈ ఇంట్లో గదులు నాలుగున్నాయి గాని ఆమె తాళం వేసుకోదగ్గ జానెడు చోటు లేదు. అక్కడ ఆమె "నిశ్శబ్దం" అంటే నలభై ఆరు నోళ్ళు మూతపడతాయి. ఇక్కడ ఉన్నవి రెండే నోళ్ళు. ఆ మాట వాటితో అనే ధైర్యం పదిహేనేళ్ళుగా కూడగట్టుకుంటూనే ఉంది.

పొద్దున్నే బడికి వెళ్ళేముందు ఆయన చేతికి చీటీ రాసిచ్చింది: పన్నెండు గంటలకి, మొదటి అంతస్తు, రోల్ నంబరు ఇరవై మూడు. ఏ క్లాసో రాయలేదు. అది కూడా రాయాలని ఆమెకి తట్టలేదు.

మీటింగు ఎప్పటిలాగే నడుస్తోంది. తల్లులు లోపల బెంచీల మీద, తండ్రులు గుమ్మం దగ్గర ఫోన్లలో. మార్కులు బాగుంటే తండ్రి లోపలికొచ్చి, వీడిది అంతా మా పోలికండీ అంటాడు. బాగులేకపోతే మారు మాట్లాడకుండా భార్య వైపు చూస్తాడు. ఆవిడ తల దించుకుంటుంది. ఒకాయనయితే, మావాడు డాక్టరవుతాడో ఇంజనీరవుతాడో ఇవాళ తేల్చి చెప్పాల్సిందేనని భీష్మించుకుని కూర్చున్నాడు. వాడికి పదకొండేళ్ళు, ఇంకా బూట్లు ఏ కాలివి ఆ కాలికి వేసుకోవడం రాదు. ఆమె అందరికీ ఓపిగ్గా చెబుతోంది. కాని ఇవాళ చెవులు కాస్త వేరేగా పనిచేస్తున్నాయి. "ఇంట్లో శ్రద్ధ తీసుకోవాలి" అని తను చదివిన ప్రతిసారీ ఎదురుగా ఉన్న తల్లి నేరం ఒప్పుకున్నదానిలా తలూపుతోంది. ఇల్లు అంటే గోడలా? గోడలు శ్రద్ధ తీసుకోవు. ఆ వాక్యం ఎవరిని ఉద్దేశించి రాసినట్టు? పదకొండేళ్ళుగా, ఏడాదికి మూడుసార్లు, తన చేత్తోనే తనలాంటి ఆడవాళ్ళ మెడకి ఈ పలక కడుతూ వచ్చిందన్నమాట. ఈ ఆలోచన రాగానే ఆమెకి గొప్ప జ్ఞానోదయమేమీ కలగలేదు. ఒళ్ళు మండింది, అంతే.

మనవడి కోసం వచ్చిన ఒక ముసలావిడ ఎదురుగా కూర్చుని ఉండగా ఇంటాయన వరస దాటుకుని లోపలికొచ్చాడు. చేతిలో కార్డు. మొహం కందగడ్డ.

"చూశావా" అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు. ఆయన తగ్గించిన గొంతు చివరి బెంచీదాకా వినబడింది. "లెక్కలు పదిహేడు. ఇంగ్లీషు ఇరవై రెండు. ఆవిడ అలా చెబుతుంటే నేల చూస్తూ కూర్చున్నాను. రాత్రిళ్ళు తల్లి ఇంట్లో ఉండకపోతే పిల్ల మాత్రం ఏం చదువుతుందండీ, పాపం అంది. నువ్వు రాత్రిళ్ళు ఇంట్లోనే ఉంటావని చెప్పడానికి కూడా నోరు రాలేదు నాకు, అంత సిగ్గేసింది."

ఆమెకి ఒక్క ముక్క అర్థం కాలేదు. యాభై ఎనిమిది పదిహేడెలా అయింది?

"పైగా కళ్ళజోడొకటి" అన్నాడాయన. "పిల్లకి కళ్ళజోడు వచ్చిన సంగతి కన్నతండ్రికి చెప్పాలనైనా లేదా నీకు?"

"కళ్ళజోడేమిటి?"

ఆయన కార్డు బల్ల మీద పడేశాడు. మీద ఏడో తరగతి అని అచ్చు. మూల అతికించిన ఫోటోలో రెండు జడలు, గుండ్రటి కళ్ళజోడు, ముందు పళ్ళ మధ్య సందుతో ఒక చలాకీ పిల్ల నవ్వుతోంది. కింద, 'తండ్రి లేక సంరక్షకుడు' అన్నచోట, ఇంటాయన సంతకం. బీమా ఆఫీసులో రోజుకి రెండొందల కాగితాల మీద పెట్టే తిరుగులేని సంతకం. కింద రెండు గీతలు, ఒక చుక్క.

సైన్సు టీచరు ఆ ఫోటో వంక చూసింది, ఆయన వంక చూసింది. కడుపులోంచి నవ్వు ఉప్పెనలా లేస్తుంటే పళ్ళ బిగువున ఆపింది. ఈ మనిషి ఏడో తరగతిలోకి వెళ్ళాడు. పాప ఏడులో ఉందనుకున్నాడు. ఆ మాట తప్పేం కాదు, పోయినేడు నిజమే. కొత్తగా చేరిన టీచరుకి ఈయనెవరో తెలియదు. ఇరవై మూడు అన్నాడు, ఆ అమ్మాయి ఇరవై మూడో కార్డు తీసిచ్చింది. పదమూడేళ్ళుగా ఒకే ఇంట్లో, ఒకే భోజనాల బల్ల దగ్గర ఎదురుగా కూర్చునే కూతురి ఫోటో పెట్టాల్సిన చోట ఇంకెవరి పిల్లో కనబడితే, ఈయనకి వచ్చిన ఒకే ఒక్క అనుమానం కళ్ళజోడు గురించి. అన్నీ విన్నాడు. సిగ్గుపడ్డాడు. సంతకం పెట్టాడు. ఆ కార్డు పట్టుకుని తన పదకొండేళ్ళ ఉద్యోగం పీకించడానికి వచ్చాడు.

"ఈ పిల్ల ఎవరండీ?" అంది.

ముసలావిడ మెడ సాచి చూసింది. "మా వీధిలో నర్సమ్మ కూతురు కదూ ఇది? మంచి పిల్ల. వాగుడెక్కువ."

అంతలో నర్సమ్మే వచ్చింది, ఆసుపత్రి బట్టల్లో, వెనకే బిక్కమొహంతో ఏడో తరగతి టీచరు. డ్యూటీ మార్చుకుని పరుగున వస్తే, మీవారు ఇప్పుడే వచ్చి వెళ్ళారండీ అన్నారట. "తొమ్మిదేళ్ళ కిందట పోయిన మనిషి ప్రోగ్రెస్ కార్డు కోసం తిరిగొచ్చాడా అని చూద్దామని వచ్చాను" అంది నర్సమ్మ. ఇంటాయన క్షమాపణ లాంటిదేదో గొణిగాడు. ఆవిడ కార్డు తీసుకుని సంతకం తిప్పి తిప్పి చూసింది. "ఏమీ అనుకోనులెండి సార్. నా కూతురి లెక్కల గురించి ఒక మగమనిషి ఇంత బాధపడటం ఇదే మొదటిసారి."

బెంచీలన్నీ ఒక్కసారిగా నవ్వాయి. ఇంటాయన చెమట తుడుచుకుంటూ భార్య వైపు తిరిగి, "చీటీలో క్లాసు నువ్వు రాయలేదు" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. తల్లులందరూ ఒకేసారి ఆయన వంక చూశారు. అది నవ్వుకంటే ఘోరంగా ఉంది.

పెద్ద మేడమ్ దాకా కబురెళ్ళింది. ఆవిడ వచ్చి, ఈ ఒక్కసారికి నియమం సడలిస్తున్నానని, మళ్ళీ తప్పిపోకుండా ఆయన్ని ఎనిమిదో తరగతి దాకా చేర్చి అక్కడే కూర్చోమని సైన్సు టీచరుతో చెప్పింది.

ఎనిమిదో తరగతి లెక్కల మాస్టారు నాన్చడం తెలియని మనిషి. పాప చురుకైనదేనన్నాడు. ఈ మూడు నెలల్లో పద్నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చిందన్నాడు. మొదటి పీరియడు రోజూ లెక్కలే. కొత్త పాఠం మొదలయ్యేసరికి ఆ పిల్ల గేటు దగ్గర ఉంటుంది. మార్కులు అక్కడ పోయాయి.

సైన్సు టీచరు ముందుకి జరిగింది. ఈ ఏడు బడి బస్సులో పిల్లల్ని తీసుకొచ్చే డ్యూటీ పడ్డాక ఏడింటికే బయల్దేరుతుంది తను. పాప వెనక నడిచి వస్తుంది, పావుగంట దారి. "ఆలస్యం ఎందుకట?"

"నేనూ అడిగాను. నాన్న షర్టు ఇస్త్రీ చేసి వస్తున్నానంది." మాస్టారు డైరీ తెరిచి ఇంటాయన ముందుకి తోశాడు. "డైరీలో రాసి పంపాను సార్, ఆరుసార్లు. ఆరుసార్లూ మీరే సంతకం పెట్టారు."

రెండు గీతలు, ఒక చుక్క. ఆరు చోట్ల.

ఆదివారం ఆమె అరడజను షర్టులు ఇస్త్రీ చేసి బీరువాలో పెడుతుంది. బీరువాలో పెడితే మడత వాసనొస్తుందని, తొడుక్కునేటప్పుడు ఒంటికి వెచ్చగా తగలాలని ఆయనకొక సరదా. ఆమెకి బస్సు డ్యూటీ పడ్డాక, పొద్దున్నే మళ్ళీ ఇస్త్రీ చేసే ఆ పని ఇంట్లో ఎవరో చేస్తున్నారని తెలుసు. అత్తగారు చేస్తోందేమో అనుకుంది. నిజం చెప్పాలంటే అనుకోలేదు, అనుకున్నట్టు ఊరుకుంది. అడిగితే ఆ ఇస్త్రీపెట్టె మళ్ళీ తన చేతికే వస్తుందని భయం. అది తన చేతిలోంచి జారి నేల మీద పడలేదు, పదమూడేళ్ళ పిల్ల చేతిలో పడింది. ఇరవై మూడు మార్కులు ఎత్తుకుపోయిన దొంగ పెద్దమనిషిలా ఎదురుగా కూర్చున్నాడు, తలుపు తీసి పెట్టింది తను. ఇంతసేపూ ఆపుకున్న నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది.

"నానమ్మ చెబితే చేస్తోందండీ" అన్నాడు ఇంటాయన. "తనకీ ఇష్టమే."

"నాకు లెక్కలు మాత్రమే తెలుసు సార్" అన్నాడు మాస్టారు.

అక్కణ్ణుంచి ఆఫీసు గది. ఇంకొకరి కార్డు మీద పెట్టిన సంతకం కొట్టేయాలంటే దరఖాస్తు ఇవ్వాలట. గుమాస్తా తెల్లకాగితాలు రెండు ఇచ్చాడు. ఇంటాయన తనది రాసేశాడు. ఆమె రెండోది తీసుకుని నించునే రాయడం మొదలుపెట్టింది. ఆయనకి కాస్త ఊపిరాడింది. "సరే, ఇవాళే రాసిచ్చేస్తున్నావా? అదీ మంచిదే. నువ్వు పొద్దున ఇంట్లో ఉంటే ఈ ఆలస్యాలే ఉండవు కదా."

ఆమె రాయడం పూర్తిచేసి కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. ఆమె కాగితం మీద అరచెయ్యి వేసింది.

"చదవండి. చదివాకే."

ఆయన చదివాడు. ఎనిమిదో తరగతి, ఇరవై మూడో నంబరు విద్యార్థిని విషయంలో బడి నుంచి ఫోన్లు, మెసేజీలు ఇకమీదట తండ్రి నంబరుకే పంపగలరు. ఆలస్యం, జ్వరం, హోంవర్కు, చార్టు పేపరు, అన్నిటికీ మొదటి మనిషి తండ్రే. ఆయన రెండోసారి చదివాడు. బహుశా ఇరవై ఏళ్ళలో ఒక కాగితాన్ని రెండుసార్లు చదవడం అదే మొదలు.

"ఆఫీసులో మోగుతుంటే ఎలా?"

"నాకు క్లాసులో మోగేది."

"మరి రాజీనామా?"

"నాది కాదు" అంది. "పాప చేస్తోంది, ఇస్త్రీ పనికి. సోమవారం నుంచి ఏడుంపావుకి ఇంట్లోంచి బయల్దేరుతుంది. మీ షర్టు, మీ ఇష్టం. నేను ఈ బడిలో నా బల్ల వదలను. మీ అమ్మగారికి మీరే చెబుతారో, నన్ను చెప్పమంటారో ఆలోచించుకోండి."

గుమాస్తా తలొంచుకుని లేని కాగితాలు సర్దుతున్నాడు. పక్కన ఇంకో ఇద్దరు తల్లులు నించుని వింటున్నారు. ఇంటాయన సంతకం పెట్టాడు. గీతలు వంకరగా వచ్చాయి, చుక్క మర్చిపోయాడు. గుమాస్తా అప్పటికప్పుడే కంప్యూటర్లో నంబరు మార్చాడు. నిమిషం తిరక్కుండా ఆయన ఫోను టింగుమంది. ఆయన అలవాటు కొద్దీ తెరవకుండానే ఆమె వైపు చాపాడు. "ఏదో వచ్చింది, చూడు."

"మీకొచ్చింది" అని ఆమె బయటికి నడిచింది.

ఆరో తరగతి గదిలో ఇంకా పదహారు కుటుంబాలున్నాయి. ముసలావిడ కదలకుండా అక్కడే కూర్చుని ఉంది. మనవడి కార్డు తీసి, "ఇంట్లో శ్రద్ధ తీసుకోవాలి" అన్న వాక్యాన్ని టీచరు ఎర్ర పెన్నుతో కొట్టేసింది. పక్కన "వీడి నాన్న వచ్చి నాతో మాట్లాడాలి" అని రాసి, తన సంతకం పెట్టింది. మిగతా కార్డులు కూడా దగ్గరికి లాక్కుంది.

ముసలావిడకి మనవడి సంగతికంటే ఇంకో సంగతి మీద ధ్యాస ఉంది. ముందుకి వంగి, గొంతు తగ్గించి అడిగింది. "ఇంతకీ నీ కూతురు ఎలా చదువుతోందమ్మా?"

"ఏమోనండీ" అంది సైన్సు టీచరు, తర్వాతి కార్డు తిప్పుతూ. "ఆ సంగతి వాళ్ళ నాన్ననడగాలి."