బయటి వైపు గడియ

నేను ఒక తలుపు గడియను, అందులోనూ ఇనుపదాన్ని. మాట కాస్త కటువుగా ఉంటే సర్దుకోండి. ఏడు వందల ఏళ్ళ కిందట పారిస్‌లో ఒక కమ్మరి నన్ను సాగగొట్టి, గోస్విన్ మాస్టారికి అమ్మాడు. విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చెప్పే ఆయనకి ఏకాంతమంటే ప్రాణం. గది తలుపుకి లోపలి వైపు నన్ను బిగించుకున్నారు. సిరా మరకల వేళ్ళతో నన్ను జరిపి, "అమ్మయ్య" అనుకుంటూ పుస్తకం ముందు కూర్చునేవారు. అప్పటి నా దర్జా చూడాలి! విద్యార్థులు తలుపెంత బాదినా ఉలికేదాన్ని కాదు.

ఆ పుస్తకం అరిస్టాటిల్‌ది. లోకానికి మొదలంటూ లేదని ఆ గ్రీకు పండితుడి తర్కం. దేవుడు ఒకనాడు సృష్టించాడని చర్చి మాట. మాస్టారు ఆ తర్కాన్ని నీళ్ళు నమలకుండా బోధించి, చివర్లో "తర్కం ఇక్కడికి తెచ్చింది, నా విశ్వాసం మాత్రం చర్చిదే" అనేవారు. బిషప్‌గారి మనుషులకి మొదటి మాట వినిపించింది, రెండోది వినిపించలేదు. చెవులు ఎప్పుడు మూసుకోవాలో మనుషులకి ఒకరు నేర్పక్కర్లేదు.

విచారణ పెట్టారు. తను బోధించిందంతా అబద్ధమని సంతకం చేస్తే వదిలేస్తామన్నారు. అరిస్టాటిల్ ఏమన్నాడో అదే చెప్పాను, అనలేదని ఎలా రాయను అన్నారు మాస్టారు. దాంతో ఆయన గదినే ఆయనకి జైలు చేశారు. కొత్త గడియ దండగనుకున్నారేమో, నన్నే ఊడబీకి తలుపుకి బయటి వైపు కొట్టారు. రొట్టె అందించడానికి నా పక్కనే ఒక కన్నం కోయించారు. నా ఖర్మ కాకపోతే ఏమిటి, నేను కాపాడిన మనిషికే నన్ను బందిఖానా చేశారు. సిగ్గుతో చచ్చిపోయాను.

కాపలాకి గిబేర్ అనే మఠం నౌకరుని పెట్టారు. మోటు మనిషి. రొట్టె ఇచ్చి పోకుండా కన్నం దగ్గర చతికిలబడి మాస్టారిని కబుర్లడిగేవాడు. కదిలే ప్రతిదాన్నీ ఇంకొకటేదో కదిలిస్తుందన్న అరిస్టాటిల్ పాఠం అతనికి తెగ నచ్చింది. బండిని ఎద్దు, ఎద్దుని ముల్లుగర్ర, ముల్లుగర్రని తన చెయ్యి అంటూ వెళ్ళి వెళ్ళి దేవుడి దగ్గర ఆగేవాడు. ఈ పాఠంతో చర్చికీ పేచీ లేదు, చివర్న దేవుడే వస్తాడు గనక.

చలికాలంలో మాస్టారికి దగ్గు పట్టుకుంది. దగ్గితే రక్తం పడేది. ఆ చెమ్మ గదిలో ఆయనిక బతకరని గిబేర్‌కి తెలిసిపోయింది. ఒక ఉదయం నన్ను వెనక్కి లాగి, తలుపు తోశాడు.

"వెళ్ళిపోండి మాస్టారూ. గడియ దానంతటదే జారిపోయిందని చెప్తాను."

తలుపు బెత్తెడు తెరుచుకుంది. వెళ్ళిపో నాయనా, వెళ్ళిపో అని అరవాలనిపించింది నాకు. మాస్టారు గడప దాకా వచ్చారు. వీధి వంక చూశారు. తర్వాత నా వంక చూశారు.

"గడియ దానంతటది జరగదు గిబేరూ. వాళ్ళూ ఆ పాఠం చదువుకున్నవాళ్ళే. జరిపిందెవరని వెతుక్కుంటూ వచ్చి నీ దగ్గర ఆగుతారు."

"ఆగనివ్వండి."

"నిన్ను ఉరి తీస్తారురా."

మాస్టారు లోపలికి వెళ్ళి తలుపు మూసుకుని, గడియ వెయ్యమన్నారు. తన చేత్తో వెయ్యనని గిబేర్ నేల మీద కూలబడి ఏడ్చాడు. అప్పుడు కన్నంలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. అవే వేళ్ళు, సిరా మరకలు మాత్రం వెలిసిపోయాయి. తడుముకుంటూ నన్ను పట్టుకున్నాయి. బిగుసుకుపోదామని చూశాను. ఇనుముకి ఆ స్వతంత్రం ఎక్కడిది? ఆయన జరిపారు, నేను జరిగాను. లోపల "అమ్మయ్య" అన్న మాట వినిపించింది.

ఆయన శవాన్ని బయటికి తెచ్చినప్పుడే మళ్ళీ నన్ను తీశారు.

ఇప్పుడు నేను మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. బందీ గది గడియ అని కింద చీటీ పెట్టారు. జనం వంగి చూసి, ఎంత క్రూరులో అని బయటివాళ్ళని తిట్టుకుంటూ పోతారు. తిట్టాల్సిందే. కానీ నన్ను ఆఖరిసారి వేసింది మాత్రం లోపలి చెయ్యి.