ఇరవయ్యో మనిషి

రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళని లెక్కపెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా బావ ఇరవై రెండేళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు. అవును, ఉద్యోగమే. ఎక్కడైనా పెద్ద భవనం కట్టాలంటే ముందు మాలాంటివాళ్ళం వెళ్ళి, ఆ వీధిలో ఎన్ని బళ్ళు తిరుగుతున్నాయి, ఎంతమంది నడుస్తున్నారు, ఎంతమంది రోడ్డు దాటుతున్నారు అని లెక్క తీస్తాం. ఆ లెక్క పట్టుకుని మా ఇంజనీరు గారు రిపోర్టు రాస్తారు. ఆ రిపోర్టు చూసి నగర కార్యాలయం వాళ్ళు కట్టేవాళ్ళకి చెబుతారు, ఇక్కడ గేటు పెట్టకండి, అక్కడ సిగ్నల్ పెట్టండి అని. నేను టిక్కు పెట్టకపోతే ఆ మనిషి ఆ వీధిలో లేనట్టే. "అంత గొప్పదానివా మరదలు పిల్లా?" అంటాడు బావ. నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఆయనకి ఇంకా పిల్లనే.

ఈసారి భవనం మా ఇంటికి ఎదురుగానే వస్తోంది. ఐదంతస్తులు, అన్నీ డాక్టర్ల గదులే. ఎముకల డాక్టరు, కళ్ళ డాక్టరు, రక్త పరీక్షలు, కింది అంతస్తు మొత్తం ఫిజియోథెరపీ. మా ఇల్లంటే అక్కా బావల ఇల్లు, నేను వాళ్ళతోనే ఉంటాను. రెండో అంతస్తు. ముందు గది కిటికీలోంచి చూస్తే ఆ ఖాళీ స్థలం, దాని చుట్టూ నీలం రేకులు కనిపిస్తాయి. మధ్యలో రోడ్డు. ఇటు మూడు వరసలు, అటు మూడు వరసలు, నడుమ మోకాలెత్తు డివైడరు, అక్కడక్కడ మనిషి పట్టేంత సందు.

ఆ రోడ్డే అక్కకి జైలు గోడ. రెండేళ్ళ కిందట బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనైంది. చేతికర్ర పట్టుకుని నడుస్తుంది, నెమ్మదిగానే అనుకోండి, కానీ నడుస్తుంది. నడిచి ఎక్కడికి పోవాలి? మా వైపు ఫుట్‌పాత్ మీద ఇటు పోతే పెట్రోలు బంకు, అటు పోతే గోడౌను ప్రహరీ. మందుల షాపు, పార్కు, బస్టాపు, ఆమె ఇరవై ఏళ్ళు నడుపుకున్న కుట్టు షాపు ఉన్న సందు, అన్నీ అవతలే. కారులో వెళ్ళాలంటే కిలోమీటరున్నర పోయి యూటర్న్ తిరిగి రావాలి. అందుకు బావ ఉండాలి. బావ స్కూలు వ్యాను డ్రైవరు, పొద్దున ఆరింటికి పోతే సాయంత్రం ఐదింటికి వస్తాడు. నేను ఊళ్ళో ఏదో మూల కుర్చీలో ఉంటాను. నోరుతెరిస్తే పదిమందిని నవ్వించే మనిషి, కళ్ళెదుట కనిపించే చోటికి పోలేక రెండేళ్ళుగా ఆ కిటికీ దగ్గరే మగ్గిపోతోంది.

నియమం ఏమిటంటే, సర్వే చేసే మూడు గంటల్లో ఏ ఒక్క గంటలోనైనా ఇరవై మంది అక్కడ నడిచి రోడ్డు దాటాలి. దాటితే, కట్టేవాళ్ళు తమ ఖర్చుతో సిగ్నల్ పెట్టి, క్రాసింగ్ గీయాలి. దాటకపోతే, "ఇక్కడ పాదచారుల రద్దీ తక్కువ" అని రిపోర్టులో ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకుంటారు.

ఈ నియమం తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. దాటే దారి లేదని ఎవరూ దాటరు. ఎవరూ దాటట్లేదు గనక దారి అక్కర్లేదట. ఇంజనీరు గారితో ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు. ఆయన మంచివాడే. గొంతు పెంచడు, అదే నాకింకా మంట. "దాటాలనుకుని దాటలేనివాళ్ళకి షీటులో గడి లేదమ్మా," అన్నారు. గడి పెట్టండి అన్నాను. "ఆ షీటు నేను చేసింది కాదుగా," అన్నారు.

మా ఇల్లు అక్కడేనని ఆయనకి తెలుసు. లెక్కపెట్టే మీరు దాటితే మాత్రం అది లెక్కలోకి రాదు సుమా అని నవ్వారు. నవ్వకుండా ఇంకో మాట చెప్పారు. "కుర్చీలోంచి లేచి రోడ్డు మీదికి దిగొద్దు. బళ్ళు ఆపొద్దు." పోయిన ఏడాది మాతో పనిచేసే ఒకాయన చూపులేని పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని దాటించాడు. అది కెమెరాలో పడింది. లెక్కపెట్టే మనిషే బళ్ళు ఆపి మనుషుల్ని దాటిస్తున్నాడని కట్టేవాళ్ళ లాయరు గోల చేసి ఆ గంట మొత్తం కొట్టేయించాడు.

నా నోరు ఊరుకోదు కదా. సర్వేకి ముందు రోజు సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ ఇదంతా ఇంట్లో చెప్పేశాను.

"అయితే నేనూ దాటితే ఒకటి పెరుగుతుందిగా," అంది అక్క.

నేను ఒంటికాలి మీద లేచాను. బుద్ధుందా లేదా, ఆ రోడ్డు నేనే పరిగెత్తి దాటుతాను, నువ్వెలా దాటుతావు అని.

"మీ అక్క అవతలికి చేరేసరికి ఆ ఐదంతస్తులూ కట్టడం అయిపోతుంది," అన్నాడు బావ. మామూలుగా అయితే అక్క దీనికి రెండింతలు అంటించేది. ఈసారి నవ్వలేదు.

"మూడు వరసల వెడల్పంటే మన కారిడార్ ఈ చివర నుంచి ఆ చివరకి," అంది. "మీరిద్దరూ పోయాక రోజూ నడుస్తున్నాను. నెల రోజులైంది. మొదట ఇరవై ఆరు సెకన్లు పట్టేది. ఇప్పుడు పధ్నాలుగు."

మాకెవరికీ తెలియదు ఆ సంగతి. బావ చేతిలోని చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "చాల్లే, కూర్చో," అన్నాను నేను.

మర్నాడు పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకా పదకొండు మంది దాటారు. అంతా కాళ్ళున్న కుర్రకారు, చేతిలో బ్యాగులు, ప్రాణాలంటే లెక్కలేనివాళ్ళు. రెండో గంట పదకొండు నుంచి పన్నెండు. నీలం రేకుల పక్కన, అందరూ దాటే సందుకి ముప్పై అడుగుల ఇవతల నా కుర్చీ. స్తంభం మీద కెమెరా. అది కూడా ఉంది కాబట్టి లేని మనిషికి టిక్కు పెడదామన్నా కుదరదు. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను.

పదకొండున్నరకి పదమూడు. ఎక్కడో కాలేజీ వదిలినట్టుంది, ఒక గుంపు వచ్చి నలుగురు దాటారు. పదిహేడు. ఎదురుగా మా గేటు తెరుచుకుంది. కింది వాటా ఆవిడ, ఆవిడ కోడలు, వాళ్ళ వెనక అక్క. నీలం చీర కట్టుకుని, జుట్టు బిగించి ముడి వేసుకుని, షాపుకి వెళ్ళే రోజుల్లో ఎలా బయలుదేరేదో అలా.

లేచి అరుద్దామనుకున్నాను. కుర్చీ అంచు పట్టుకుని ఆగాను.

వాళ్ళ వైపు మూడు వరసలూ ఎలాగోలా అయ్యాయి. ఆ అత్తాకోడళ్ళు చెరో పక్కన నిలబడి డివైడరు దాకా తెచ్చారు. అక్కడ అక్క వాళ్ళతో ఏదో అంది. వాళ్ళిద్దరూ తలూపి, ఒక కారు పోయాక పరుగున ఇటువైపు వచ్చేశారు. పద్ధెనిమిది, పంతొమ్మిది. కోడలు రొప్పుతూ నా దగ్గరకొచ్చి, "ఎవరి చెయ్యీ పట్టుకోనందండీ, ఒక్కతే వస్తుందట," అంది. "పట్టుకుని దాటిస్తే మళ్ళీ ఎవరో కాదంటారట."

టైము పదకొండూ నలభై ఆరు. అక్క డివైడరు సందులో నిలబడి ఉంది. ముందు నుంచి బళ్ళు, వెనక నుంచి బళ్ళు. ముందుకి రాలేదు, వెనక్కి పోలేదు. బస్సులు పోతుంటే చీర చెంగు ఎగిరి మొహాన కొడుతోంది, ఒక చేత్తో అది లాక్కుంటూ ఇంకో చేత్తో కర్ర పట్టుకుని ఉంది. నాలుగు నిమిషాలు. ఆరు. నేను సగం లేచాను. అక్క చూసింది. అరచేయి కిందికి ఊపింది, కూర్చోమని. కూర్చున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని చెయ్యలేదు.

పదకొండూ యాభై నాలుగుకి సిమెంటు లారీ వచ్చింది. నీలం రేకుల గేటులోకి వెనక్కి వెళ్ళడం కోసం ముక్కు డివైడరు వైపు తిప్పి రోడ్డుకి అడ్డంగా తిరిగింది. అక్క నాకు కనిపించకుండా పోయింది. వెనకాల ఆగినవాళ్ళంతా హారన్లు. లారీ ముక్కు ఇంకా డివైడరు మీదికే పోతోంది, అటు ఉన్నది అక్క. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. షీటు ఎక్కడ పడేశానో తెలియదు. రెండు చేతులూ ఎత్తి, ఆపు, ఆపు అని అరుస్తూ లారీ ముందుకి పరిగెత్తాను. డ్రైవరు బ్రేకు వేసి నన్ను ఏదో తిట్టాడు. అక్క రోడ్డు మీద ఉంది. రెక్క పట్టుకుని లాక్కొచ్చి ఫుట్‌పాత్ ఎక్కించాను.

"చెయ్యి వదులు," అంది.

వదిలాను. కాసేపు ఊపిరి తీసుకుని, "ఇరవై అయిందా?" అని అడిగింది.

"ఎలా అవుతుంది? నేను దిగానుగా. బళ్ళు ఆపానుగా."

"నిన్నెవరు దిగమన్నారు?"

"దిగకపోతే ఆ లారీ కింద పడేదానివి," అని అందరూ వినేలా కేకలేశాను. నీ పంతం వల్ల చచ్చేదానివన్నాను, రెండేళ్ళుగా నిన్ను కనిపెట్టుకుని ఉన్నది ఇందుకేనా అన్నాను. అక్క నా కుర్చీలో కూర్చుని బావ వచ్చేదాకా రోడ్డు వంక చూస్తూ ఉండిపోయింది. సాయంత్రం గంటలో పదమూడు మందే దాటారు. బావ వచ్చి అక్కని వ్యానులో ఎక్కించుకుని యూటర్న్ తిరిగి ఇంటికి తీసుకెళ్ళాడు.

మర్నాడు ఆఫీసులో ఇంజనీరు గారు వీడియో పెట్టారు. నేనే గొడవపడి పెట్టించాను. లారీవాడి మీద ఫిర్యాదు రాయాలి, మా అక్కని చంపేసేవాడు, చూడండి మీరే అని.

కెమెరా పైనుంచి తీసింది, నాకు కనిపించనిది దానికి కనిపించింది. లారీ అడ్డం తిరిగింది. మూడు వరసల బళ్ళూ దాని వెనకే ఆగిపోయాయి. లారీ ముందు రోడ్డంతా ఖాళీ. లారీ ముక్కు అక్క నిలబడ్డ చోటికి పది అడుగుల దూరంలో ఆగింది. డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, వెళ్ళమ్మా అన్నట్టు ఊపాడు. అక్క కర్ర ఆనించి రోడ్డు మీదికి దిగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అడుగులు. కారిడార్‌లో నడిచినట్టే నడిచింది. మధ్యలోకి వచ్చేసింది. అప్పుడు తెర మూలలోంచి ఒక పిచ్చిది చేతులు ఊపుతూ అడ్డంగా వచ్చింది. ఆ పిచ్చిదాన్ని చూసి అక్క ఆగిపోయింది.

నేను మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ అంతే. ఇంకో ఏడు సెకన్లు నేను కుర్చీలో ఉండి ఉంటే చాలు.

"ఈ గంట తీసెయ్యాలి కదమ్మా," అన్నారు ఇంజనీరు గారు చివరికి, నా మొహం చూడకుండా.

"తీసెయ్యండి," అన్నాను. పోట్లాడటానికి నాలో ఏమీ మిగల్లేదు.

ఆ రాత్రి అన్నాలయ్యాక అక్కకి చెప్పాను, వీడియో చూశానని, నువ్వు దాటేస్తున్నావని, తప్పు నాదేనని. "నాకు తెలుసుగా," అంది. "నడిచింది నేనే కదా." ఆ తర్వాత కారిడార్‌లో నడవడం మానేసింది. నేనూ బావా ఎంత బతిమాలినా వినలేదు.

ఏడాదిన్నర తిరిగేసరికి ఐదంతస్తులూ లేచాయి. క్రాసింగ్ లేదు. నడక మానేశాక అక్క తుంటి బిగుసుకుపోయింది. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి రావాలన్నారు, ఆ ఎదుటి భవనానికే. నేను డ్రైవింగ్ నేర్చుకుని బావ పాత కారులో తీసుకెళ్తున్నాను. కిలోమీటరున్నర పోవడం, యూటర్న్, కిలోమీటరున్నర రావడం.

నిన్న సగం దారి నుంచే బళ్ళు ఆగిపోయాయి. ఆ భవనంలో పార్కింగ్ చాలక కార్లన్నీ గేటు దగ్గర నుంచి రోడ్డు మీదికి బారు కట్టాయి. మేం మధ్య వరసలో ఇరుక్కున్నాం. భవనం తలుపు కనిపిస్తోంది, నలభై అడుగులుంటుందేమో. మా అపాయింట్‌మెంటుకి ఐదు నిమిషాలే ఉంది.

"ఇక్కడ దిగిపోతాను," అంది అక్క. "నడిచి వెళ్తాను. నువ్వు కారు పెట్టి రా."

పక్క వరసలో కార్లు నిలిచిపోయి ఉన్నాయి. వాటి సందుల్లోంచి బైకులు మాత్రం దూసుకుపోతున్నాయి. అక్క కర్ర తీసుకుని తలుపు పిడి లాగింది. రాలేదు. లాక్ బటన్ నా వైపు ఉంది.

"తియ్యవే," అంది.

నా వేలు బటన్ మీదే ఉంది. అద్దంలో చూశాను. ఒక బైకు పోయింది, ఇంకొకటి వస్తోంది. ఆ తర్వాత ఏమీ లేదు, కాసేపు నిజంగానే ఏమీ లేదు. అక్క నా వైపు తిరిగి ఎదురు చూసింది. ముందు కారు కదిలింది, నేనూ కారు కదిలించాను.