లేబుళ్లు తీసిన సీసాలు

రోట్లో పచ్చ సీసా ముక్కలు మొదట కరకరలాడాయి, తర్వాత గలగలమన్నాయి, చివరికి ఇసక మీద నడిచినట్టు మెత్తటి చప్పుడు చేశాయి. అంతటితో ఆపాలి. పూసలక్క ఆపలేదు. ముక్కుకీ నోటికీ తడిగుడ్డ కట్టుకుని, మోకాళ్ల మధ్య ఇనపరోలు బిగించుకుని, అదే పొడిని మళ్లీ మళ్లీ దంచుతోంది. ముంజేతులు ఈ వయసులోనూ బిగువుగా ఉన్నాయి. వేళ్ల కొసల నిండా గాజు గీసిన సన్నటి తెల్లగీతలు.

మట్టి అచ్చుల ముందు కూర్చున్న మరదలు తలెత్తింది.

“వదినా, అది పొడి అయ్యి చాలాసేపైంది. ఇంకా దంచితే గాలికి పోతుంది.”

పూసలక్క రోకలి పక్కన పెట్టింది. కళ్లు మాత్రం నవ్వాయి.

అచ్చులో చిన్నచిన్న గుంటలు. లోపలంతా సుద్దనీళ్లు పూసి ఆరబెట్టారు, కరిగిన గాజు మట్టికి అంటుకోకుండా. ప్రతి గుంట మధ్యా ఒక ఎండుపుల్ల నిలబెట్టి, చుట్టూ పొడి పోస్తారు. కొలిమిలో గాజు కరిగేసరికి పుల్ల కాలి బూడిదవుతుంది, పూసకి బెజ్జం మిగులుతుంది. మరదలు అట్టముక్కని దోనెలా మడిచి, పచ్చపొడి మీద తెల్లపొడి, దాని మీద మళ్లీ పచ్చపొడి, ఊపిరి బిగబట్టి జారుస్తోంది.

రంగులకి పేర్లు పెట్టింది పూసలక్కే. మందుసీసాల గోధుమరంగు ‘తమ్ముడి కోపం’. క్రీముడబ్బాల తెలుపు ‘మరదలి నిద్ర’. బేరానికి వచ్చినవాళ్లు కూడా తమ్ముడి కోపం రెండు దండలివ్వమని అడుగుతారు. పక్కనే ఉన్న తమ్ముడు మొహం మాడ్చుకుంటే, రంగు సరిగ్గా కుదిరిందని ఆడవాళ్లిద్దరూ కడుపుబ్బ నవ్వుకుంటారు.

తండ్రి పోయేనాటికి ఆమెకి రోకలి ఎత్తే బలం వచ్చింది, తమ్ముడికి ఇంకా మాటలు రాలేదు. సంబంధాలు వచ్చాయి. వీడు కాస్త ఎదగనీ అంది. తర్వాత వీడికి పని రానీ అంది. ఆ తర్వాత వీడి పెళ్లి కానీ, వీడి పిల్లలు నడవనీ అంది. పిల్లలు నడిచి, పెద్దవాళ్లై, ఎవరి పనుల్లో వాళ్లు పడేనాటికి సంబంధాలు రావడం మానేశాయి. అందుకు ఆమె ఏడ్చింది లేదు. పూస గుండ్రంగా దిగినప్పుడల్లా ఆమెకి లోపల ఒక చిన్న గంతు. ఆ గంతుతోనే ఇన్నేళ్లూ గడిచిపోయాయి.

ఇప్పుడు ఆమె నిద్ర చెడగొట్టింది సీసాలాయన.

తోపుడుబండి మీద ఖాళీసీసాలు తెచ్చిపోసే మనిషి. పొడుగ్గా, కాస్త వంగి ఉంటాడు. భార్య పోయి చాలా కాలమైంది. మాట తక్కువ. కిందటివారం గోనెసంచి దింపి, వెళ్లబోయి, ఆగాడు.

“ఏమండీ, నేను రేవు పక్కకి మారిపోతున్నాను. అక్కడ ఓ చిన్న ఇల్లు దొరికింది. పెరట్లో కొలిమికి చోటుంది. పెళ్లి చేసుకుని మీరూ వస్తానంటే కొలిమి కడతాను. రానంటే బెండమొక్కలు పెట్టుకుంటాను.”

ఆమెకి నవ్వొచ్చింది, గుండె దడదడలాడింది, రెండూ ఒకేసారి. గబగబా లోపలికి వచ్చేసింది. ఇవాళ సాయంత్రం జవాబు కోసం మళ్లీ వస్తానని ఆయన వెనకనుంచి అన్నాడు. వెళ్లాలని ఉంది. కానీ కొలిమి? అచ్చు ఎప్పుడు తీయాలో ఈ ఇంట్లో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు. కాస్త ముందు తీస్తే పొడి పొడిగానే ఉంటుంది. కాస్త ఆలస్యమైతే పూసలన్నీ ఒక్క ముద్ద.

మధ్యాహ్నం కొలిమి ఎర్రగా కణకణలాడుతోంది. తమ్ముడు కట్టెలు ఎగదోసి, అలవాటుగా పక్కకి తప్పుకున్నాడు. పూసలక్క ఇనపగరిటె అందుకోలేదు. వెళ్లి గోడవారన పీట మీద కూర్చుంది.

“ఇవాళ నువ్వు తియ్యిరా.”

తమ్ముడు ఆమె మొహం వంక చూశాడు, ఏదైనా సైగ దొరుకుతుందేమోనని. ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. ఇప్పుడు తియ్యమని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. సరిగ్గా అప్పుడే గరిటె అచ్చుకి తగిలిన చప్పుడైంది.

అచ్చు బయటపడగానే మరదలు రెండు దబ్బనాలతో కూర్చుంది. ఒకటి మెత్తటి పూస బెజ్జంలో గుచ్చి, రెండోదానితో అదిమి గిర్రున తిప్పింది. పూస గుండ్రపడింది. మరొకటి. ఇంకొకటి. పచ్చటి ఒంటి చుట్టూ తెల్లటి చార.

పూసలక్క లేచి వచ్చి చూసింది. వంక పెట్టడానికి వెతికింది. దొరకలేదు. లోపల ఎక్కడో సన్నటి గాజుముక్క గుచ్చుకున్నట్టైంది. వెంటనే, ఎక్కడినుంచో నవ్వు తన్నుకొచ్చింది.

“ఇంత బాగా తీసేవాడివి, ఇన్నాళ్లూ ఎందుకు తియ్యలేదురా?”

“నువ్వు జరిగితే కదా అక్కా.”

అప్పుడు సీసాలాయన అడిగిన మాట చెప్పింది. తమ్ముడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కట్టెల మోపు మీద కూలబడ్డాడు. మరదలు మాత్రం చేతిలో పూస తిప్పుతూనే, తనకి ఎప్పుడో తెలుసంది. ఏ లోకంలో ఏ సీసాలమ్మేవాడు లేబుళ్లు నానబెట్టి, గీకి, కడిగి, తుడిచి తెచ్చిస్తాడని అడిగింది. ఆ సీసాలు లేబుళ్లు లేకుండానే తయారవుతాయనుకున్నానని తమ్ముడన్నాడు. ఆడవాళ్ల నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. అతనూ నవ్వాడు, కండువాతో కళ్లొత్తుకుంటూ. ఆ తర్వాత, వారానికోసారైనా రావాలని అక్కచేత మాట తీసుకున్నాడు.

చల్లారిన పూసల్ని పూసలక్క నున్నటిరాయి మీద ఇసకా నీళ్లూ పోసి రుద్దుతుండగా, బయట బండి ఆగింది. ఇవాళ బండి మీద సీసాలు లేవు. బండినే కడిగి తెచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

ఆమె తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

“బెండమొక్కలు పెట్టేశారా?”

“ఇంకా లేదండీ.”

“అయితే పెట్టకండి.”

మర్నాడు ఇరుగుపొరుగు నలుగురి ఎదుట పెళ్లి జరిగింది. ఎండ చల్లబడ్డాక పూసలక్క బయల్దేరింది. బండెక్కమని సీసాలాయన అంటే, నేనేమైనా సీసానా అని నవ్వి, ఆయన పక్కనే నడిచింది. తమ్ముడు వీధి మలుపుదాకా బండి తోశాడు. ఆమె కాళ్లకి ఆయన తెచ్చిన కొత్త చెప్పులు, అడుగడుక్కీ కిర్రుమంటూ.

మరదలు సాగనంపి వెనక్కి వచ్చేసరికి గుమ్మం పక్కన వదిన పాతచెప్పుల జత కనబడింది. పారేద్దామని తీసి, తిరగేసి చూసింది. పారేయకుండా, వాటిని అలాగే గోడకి ఆనించింది. అరిగిపోయిన ఆ అడుగుభాగం నిండా ఏళ్లతరబడి దిగబడిన గాజురవ్వలు, పచ్చవీ నీలివీ తెల్లవీ, వాలుతున్న ఎండలో మిలమిల మెరుస్తున్నాయి.