పదో మాట

ఉల్లిపాయను ఎంత సన్నగా తరిగితే హెర్రింగ్ చేప ముక్కల మీద అంత బాగా అతుక్కుంటుంది. శనివారం పొద్దున స్కౌట్ హాలు వంటగదిలో నిలబడి డీలియా ఆ పనే చేస్తోంది. బయట సముద్రం మీద నుంచి వాన ఏటవాలుగా కొడుతోంది. వంటగదికీ హాలుకీ మధ్య గోడలో చిన్న కిటికీ ఉంది. టీ కప్పులు అందించడానికి పెట్టిన కిటికీ అది. ప్రార్థన జరిగినంతసేపూ దాని చెక్కతలుపు పైకెత్తే ఉంటుంది. కొన్నేళ్ళుగా డీలియా ప్రార్థన వింటున్నది అందులోంచే.

"ఆ తలుపు తెరిచే ఉంచమ్మా, నువ్వు మా మధ్య ఉన్నట్టే లెక్క," అంటాడు నోర్మన్ ప్రతి వారం. ఆయన ఈ సమాజానికి అధ్యక్షుడు. రిటైరైన లెక్కల మాస్టారు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో నిజమైన ప్రేమ ఉంటుంది. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడం డీలియాకు ఎప్పుడూ కష్టమే.

ఈ ఊళ్ళో యూదులు కొద్దిమందే. సొంత ప్రార్థనా మందిరం లేదు. స్కౌట్ పిల్లల హాలు అద్దెకు తీసుకుని, హీబ్రూలో రాసిన తమ ధర్మగ్రంథం తోరా చుట్టను ఇనుప బీరువాలో దాచుకుని, కుర్చీలు వేసుకుని, మళ్ళీ సర్దేసి వెళ్తారు. ప్రార్థన నడిపించే మతగురువు, రబ్బీ, లేడు. "మాకు రబ్బీ ఎందుకు? అందరం కలిసి నడుపుకుంటాం," అని బయటివాళ్ళకు గొప్పగా చెప్పుకుంటారు. ఒక వారం ఒకరు ప్రార్థన నడుపుతారు, ఇంకొకరు తోరా చదువుతారు, వేరొకరు మాట్లాడతారు. ఎవరికి చేతనైన పని వాళ్ళు చేయాలి. డీలియా చేతిలో రుచి ఉందని మొదటి నెలలోనే ఎవరో కనిపెట్టారు. అంతటితో ఆమెకు చేతనైనదేమిటో తేలిపోయింది. ఆమె హీబ్రూ చదవగలదని ఎవరూ కనిపెట్టలేదు. ఒకసారి తనే నోరు తెరిచి తోరా చదువుతానంది. "చదువు, ఎవరొద్దన్నారు? ఆ టీ పని ఎవరికైనా అప్పజెప్పి చదువుకో," అన్నాడు భర్త లెస్లీ. ఆ 'ఎవరైనా' అనే మనిషి కోసం ఆమె చాలా కాలం వెతికింది. ఇంట్లోనూ అదే తంతు. "సాయం కావాలంటే అడగొచ్చు కదా," అంటాడు లెస్లీ. ఏ పని ఎప్పుడు మిగిలి ఉందో గుర్తుపెట్టుకోవడం, దాన్ని నొచ్చుకోకుండా చేసేలా అడగడం, సగం చేసినందుకు మెచ్చుకోవడం, ఇవన్నీ మళ్ళీ ఆమె పనులే. ఆమె ఉద్యోగం చేసే పళ్ళ డాక్టరు క్లినిక్కులో పుట్టినరోజు కేకులు తెప్పించేది కూడా ఆమే. "మీరు లేకపోతే మేమేమైపోతామో!" అంటారు అక్కడ. ఏమీ కారని ఆమెకు తెలుసు. ఎవరో ఒకరు కేకు తెచ్చుకుంటారు.

డీలియా తల్లి బెల్లా పాత పద్ధతి ప్రార్థనా మందిరంలో పెరిగింది. ఆడవాళ్ళు పై అంతస్తులో తెర వెనక కూర్చునే చోటు అది. ఈ సమాజంలో ఆడవాళ్ళను కూడా ప్రార్థనకు కావలసిన పదిమందిలో ఒకరిగా లెక్కిస్తారని విని, ముసలితనంలో రెండు బస్సులు మారి ఇక్కడికి వచ్చింది. మొదటి రోజు తనను లెక్కపెట్టగానే ఏడ్చేసింది. "విన్నావుటే, నన్ను లెక్కపెట్టారు," అని దారి పొడుగునా అదే మాట. ఆ తర్వాత ఆవిడ కూడా కూతురికి తోడుగా ఈ వంటగదిలోకే వచ్చేసింది. చివరి రెండేళ్ళూ స్టూలు మీద కూర్చుని గుడ్లు వలిచింది.

బెల్లా పోయాక డీలియా మూడు వారాలు హాల్లో నిలబడి కద్దీష్ చెప్పింది. పోయినవాళ్ళ కోసం పిల్లలు చెప్పాల్సిన ప్రార్థన అది. పక్కన కనీసం పదిమంది ఉండి ఆమెన్ అనకపోతే చెప్పకూడదు. నాలుగో వారానికి మామగారు ఆర్నాల్డ్ పోయారు. అప్పుడు లెస్లీ ఎంతో మెత్తగా అడిగాడు. "ఇద్దరం అక్కడే నిలబడితే ఇక్కడ టీ ఎవరు చూస్తారు, డీలియా? మీ అమ్మ ఇవన్నీ పట్టించుకునే మనిషి కాదు కదా." డీలియా వంటగదిలోకి తిరిగి వచ్చింది. లెస్లీ వారం వారం తండ్రికి కద్దీష్ చెప్పాడు. ఆమె చెమ్చాలు తుడుస్తూ కిటికీలోంచి ఆమెన్ అంది.

ఇవాళ బెల్లా పోయి సంవత్సరం. నిన్న సాయంత్రం డీలియా ఇంట్లో కిటికీ గట్టు మీద రోజంతా వెలిగే కొవ్వొత్తి పెట్టింది. లెస్లీ దాన్ని కాస్త పక్కకు జరిపి అక్కడ ఫోను చార్జింగుకు పెట్టుకున్నాడు. ఎవరి కోసమని అడగలేదు.

"ఉల్లిపాయలు మరీ లావుగా తరుగుతున్నావు," అంటూ అత్తగారు మిరెల్ తలుపులోంచి తొంగి చూసింది. "మొహం అలా పెట్టావేం? మా కాలంలో తెర వెనక కూర్చుని మగవాళ్ళ టోపీలు కూడా కనబడక చచ్చేవాళ్ళం. నీకేమమ్మా, మహారాణివి, కిటికీ ఉంది."

డీలియా కత్తి కింద పెట్టింది. "అత్తయ్యా, ఇవాళ మా అమ్మ తిథి."

"అయ్యో. సరేలే, మనసులో అనుకో," అని మిరెల్ హాల్లోకి వెళ్ళి కూర్చుంది.

ప్రార్థన చివరికి వచ్చింది. వానకు రైళ్ళు ఆగిపోయి ఇవాళ జనం పలచగా ఉన్నారు. కద్దీష్‌కు ముందు నోర్మన్ లేచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వాళ్ళ ఆచారంలో మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టకూడదు. అందుకని పది మాటలున్న ఒక వాక్యం చెబుతారు. నీ ప్రజలను రక్షించు, దీవించు, ఎల్లకాలం మోసుకుపో అని దాని అర్థం. ఒక్కొక్కరి వైపు తిరిగి ఒక్కొక్క మాట. నోర్మన్ మాటలు కుర్చీల మీదుగా నడిచి, మిరెల్ దగ్గర తొమ్మిదో మాటతో ఆగాయి. హాల్లో ఇంకెవరూ లేరు. ఆయన నవ్వుతూ కిటికీ వైపు చెయ్యి చాపి పదో మాట అన్నాడు. "హాఓలామ్." ఎల్లకాలం.

ఎల్లకాలమా, అనుకుంది డీలియా. మామగారంటే ఆమెకు ఇష్టమే, పాపం ఆయనేం చేశాడు? ఇప్పుడు కదిలితే అందరూ ఏమంటారో తెలుసు. ఇంటికెళ్ళాక లెస్లీ ఏమీ అనడు, ఆ అనకపోవడం వారం రోజులు సాగుతుంది. అదంతా తెలిసీ చెయ్యి ఎత్తింది. చెక్కతలుపు అంచు పట్టుకుని కిందికి లాగింది. అది దబ్బున పడింది.

"డీలియా? తలుపు జారిపడిందా?" నోర్మన్ గొంతు.

"జారలేదు. నేనే వేశాను."

"అదేంటమ్మా, తలుపు వేస్తే నువ్వు లెక్కలోకి రావు."

"అందుకే వేశాను."

కుర్చీలు కిర్రుమన్నాయి. లెస్లీ వంటగది తలుపు దగ్గరికి వచ్చాడు. "ఏం చేస్తున్నావు? నాన్నగారి కద్దీష్ ఆగిపోయింది."

"మా అమ్మది ఎప్పుడో ఆగిపోయింది, లెస్లీ. నీకు వినబడలేదంతే."

"పంతాలకు ఇదా సమయం? తర్వాత మాట్లాడుకుందాం."

"ఇవాళ ఏ రోజో చెప్పు. చెప్తే తలుపు తీస్తాను."

లెస్లీ నోరు తెరిచాడు. ఆ కొవ్వొత్తి అతనికి అప్పుడు గుర్తొచ్చిందని ముఖం చూస్తే తెలిసింది.

డీలియా చేతులు తుడుచుకుని, అతని పక్కనుంచి హాల్లోకి నడిచింది. ముందు వరసలో ఖాళీగా ఉన్న కుర్చీ దగ్గర నిలబడింది. అందరూ ఆమె ఏప్రాన్ వైపు చూస్తున్నారు. చూడనీ, అనుకుంది.

"నోర్మన్ గారూ, మళ్ళీ లెక్కపెట్టండి."

"ఎందుకమ్మా, వచ్చావుగా, సరిపోయాం."

"నన్ను ఇక్కడ చూస్తూ లెక్కపెట్టండి."

ఆయన ముఖం ఎర్రబడింది. అయినా మొదటి మాట నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. పదో మాట దగ్గర డీలియా కళ్ళలోకి చూసి చెప్పాడు. ఈసారి నవ్వలేదు. తర్వాత పద్ధతి ప్రకారం అడిగాడు. "ఎవరిని తలుచుకుంటున్నాం?"

"ఆర్నాల్డ్, మా నాన్న," అన్నాడు లెస్లీ చిన్నగా.

"బెల్లా. మా అమ్మ," అంది డీలియా. తన గొంతు హాలంతా వినబడటం ఆమెకే వింతగా తోచింది.

నోర్మన్ పుస్తకం తెరవబోయాడు.

"గిట్ల్," అంది వెనక నుంచి మిరెల్.

అందరూ తిరిగి చూశారు.

"మా అమ్మ. ఏం, అలా చూస్తారు? నన్ను కనడానికి ఒక అమ్మ ఉండదా?"

"ఇవాళ ఆవిడ తిథా, మిరెల్ గారూ?"

"తిథో గిథో నాకేం తెలుసు! అవన్నీ మా తమ్ముడికి చెప్పారు. వాడికి కద్దీష్ నోరు తిరిగేది కాదు, పక్కన కూర్చుని బట్టీ పట్టించింది నేను. చెప్పడానికి మాత్రం నేను పనికిరాలేదు." ఆవిడ కర్ర పట్టుకుని లేచి ముందుకు వచ్చింది. కోడలి పక్కన నిలబడి గదమాయించింది. "నన్నేం చూస్తావు? పుస్తకం ఇటు పట్టు. నిదానంగా చెప్పు, నీ పరుగు నాకు అందదు."

డీలియా నిదానంగానే చెప్పింది. ఆ ప్రార్థనలో చావు అన్న మాట ఎక్కడా ఉండదు. మొత్తం స్తోత్రమే. ఆమె ప్రతి మాటా విడిగా, గట్టిగా, గడపలో నిలబడి హక్కు అడిగినట్టు పలికింది. పక్కన ముసలి గొంతుకు ఒక్క మాట కూడా తడబడలేదు. అన్నేళ్ళూ అది అందులో ఎక్కడ దాగి ఉందో. లెస్లీ గొంతు వాళ్ళిద్దరి వెనక నడిచింది. ఆమెన్ అన్నప్పుడు ఆ కొద్దిమందే హాలు నిండినట్టు అన్నారు.

అయిపోయింది. అలవాటు ప్రకారం అందరూ వంటగది వైపు చూశారు. బల్ల మీద ద్రాక్షరసం పోయలేదు, హల్లా రొట్టె కోయలేదు, టీ లేదు. ఎవరో దగ్గారు. డీలియా కుర్చీలో కూర్చుంది. అత్తగారిని చెయ్యి పట్టుకుని పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

"వచ్చే శనివారం తోరా నేను చదువుతాను," అంది నోర్మన్‌తో. అడిగినట్టు అనలేదు.

"అలాగే," అన్నాడాయన. చొక్కా చేతులు మడుచుకుంటూ వంటగదిలోకి వెళ్ళాడు. మెల్లగా ఇంకో ఇద్దరు లేచారు. చివరికి లెస్లీ కూడా. లోపల గిన్నెలు ఒకదాని మీద ఒకటి పడ్డ చప్పుడు. అలమరలు తెరిచి మూస్తున్న చప్పుడు. ఎవరో ఎవరినో విసుక్కుంటున్నారు. మిరెల్ కిసుక్కున నవ్వింది.

కాసేపటికి లెస్లీ వంటగది గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఖాళీ చెమ్చా ఉంది.

"డీలియా, చక్కెర ఎక్కడుంటుంది?"

"వెతుక్కో," అంది డీలియా.