బీటర్ చప్పుడు

పొద్దున గాలివానకి కరెంటు పోయింది. ఎప్పుడొస్తుందో కరెంటాఫీసు వాళ్ళకే తెలియదు, ఇక నాకేం తెలుస్తుంది! ఇంట్లో మిగిలిందల్లా మామయ్య మంచం పక్కనున్న బ్యాటరీ పెట్టె. దాని మీద ఛార్జింగు చూపే నాలుగు పచ్చ దీపాలు. ఆ పెట్టె మీదే ఆయన ఆక్సిజన్ మిషన్ నడుస్తోంది. మిషన్ నుంచి సన్నటి గొట్టం ఆయన ముక్కుకి.

మా ఆయన ఆక్సిజన్ సిలిండర్ తేవడానికి వెళ్తూ గుమ్మంలో ఆగి నాకేసి వేలు చూపించాడు.

"ఆ పెట్టెకి ఇంకేదీ తగిలించకు. ఫోను కూడా వద్దు. నేనొచ్చేదాకా నాన్నకి అదే దిక్కు."

"తెలుసులే. నాకు పాఠాలు చెప్పకుండా బయల్దేరు" అన్నాను.

సాయంత్రానికి పెళ్ళి కేకు ఇవ్వాలి. మామయ్య బేకరీలో పనిచేసి, పిండి పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. మంచాన పడ్డా గొప్పలు మానలేదు. పాత యజమానికి ఫోన్ చేసి, "మా కోడలి ఐసింగ్ చూస్తే నన్ను మర్చిపోతారు" అని నా నెత్తిన ఈ కేకు పెట్టాడు. కేకు రాత్రే కాల్చేశాను. మిగిలింది పైన పూసే వెన్న ఐసింగ్. కరెంటు బీటర్ తిరిగితే చిటికెలో పని. ఇప్పుడు చేత్తోనే కొట్టాలి.

వానకి వెన్న రాయిలా ఉంది. గిన్నెని వేడినీళ్ళ మీద పెడితే అంచున కరిగింది, మధ్యలో కదల్లేదు. దించి, చెక్క గరిటెతో అదిమి, మెదిపి, తిప్పడం మొదలుపెట్టాను. పది తిప్పులకే భుజం మండింది. నా నోటి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. చెయ్యి పనిలో ఉంటే నోరు ఊరుకోదు.

"ఏ మహాతల్లి కనిపెట్టిందో ఈ ఐసింగ్! పెళ్ళి చేసుకునేది వాళ్ళు, చేతులు పడిపోయేది నాకు!"

గోడ అవతల మామయ్య నవ్వు, వెంటనే దగ్గు. దాని వెనకే మిషన్ సన్నగా గుయ్యిమంటోంది.

"ఇంకా బరువుగానే ఉంది తల్లీ చప్పుడు. వెన్న తెల్లబడాలి. తెల్లబడితే గిన్నె మెత్తగా పలుకుతుంది. అప్పుడే పంచదార పొడి వెయ్యి, ముందే వేస్తే ఇసకలా ఉంటుంది."

"మీరు మాట్లాడకండి మామయ్యా, ఆయాసం వస్తుంది!"

"నువ్వు ఆపితే నేనూ ఆపుతా."

వెళ్ళి చూసొచ్చాను. మూడు దీపాలు. మా ఆయనకి ఫోన్ చేస్తే రోడ్డు మీద చెట్లు పడ్డాయన్నాడు. సిలిండర్ దొరికింది, బండి కదలడం లేదు.

మళ్ళీ గిన్నె ముందు కూర్చున్నాను. వెన్నలోకి గాలి ఎక్కించడమే కదా ఈ పనంతా. ఎక్కితే పువ్వులా విచ్చుకుంటుంది, లేకపోతే ముద్ద. కొట్టాను, కొట్టాను. రంగు కాస్త పాలిపోయింది గానీ తెల్లబడలేదు. మణికట్టు పట్టేసింది. గరిటె జారి కింద పడింది.

"నా వల్ల కాదు బాబోయ్! ఈ చేతులు ఊడి పడేట్టున్నాయి. ఆ దిక్కుమాలిన బీటర్ ఒక్క రెండు నిమిషాలు తిరిగితే చాలు కదా!"

గోడ అవతల నవ్వు వినపడలేదు. అత్తయ్యతో ఏదో గుసగుస. కాసేపటికి అత్తయ్య బీటర్ పట్టుకుని, వెనక పెట్టెకి తగిలించిన పొడుగాటి వైరు ఈడ్చుకుంటూ వచ్చింది.

"మీ మామయ్య ఇమ్మన్నారమ్మా. రెండు నిమిషాలకి పెట్టెకేం కాదట."

నేను బీటర్ ముట్టుకోలేదు. "మీ అబ్బాయి ఏం చెప్పి వెళ్ళాడు అత్తయ్యా? వద్దు, తీసేయండి."

"నేనూ అదే అన్నాను. వినరే!"

"మామయ్యా, నిజంగా ఏం కాదా?" అని అరిచాను.

"కానివ్వు తల్లీ. నేను చూసుకుంటాగా."

ఆ పెట్టె సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసనుకున్నాను. భుజం కూడా అదే అనుకోమంది. అత్తయ్య గిన్నె కదలకుండా రెండు చేతులా పట్టుకుంది. బీటర్ నొక్కాను. వంటగదంతా దాని రొదే. చూస్తుండగానే వెన్న తెల్లబడింది. పంచదార పొడి చెంచాలు చెంచాలుగా వేశాను, పాలు కాస్త పోశాను. అమ్మయ్య, నురగలా లేచింది. ప్రాణం లేచొచ్చింది నాకు. అత్తయ్య కూడా నవ్వింది.

బీటర్ ఆపాను.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. గోడ అవతల మిషన్ గుయ్యిమనడం లేదు.

గిన్నె ఎక్కడ పడిందో చూడలేదు. పరిగెత్తాను. మామయ్య దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. గొట్టం ముక్కుకే ఉంది, పెదాలు నీలం. ఒక చెయ్యి మిషన్ స్విచ్చి మీద.

"పెట్టె... రెండిటికీ చాలదు తల్లీ. నాది ఆపాను. అయిందా?"

"అయిందా ఏంటి మామయ్యా? బుద్ధుందా మీకు? కేకు కోసం ఊపిరి ఆపుకుంటారా ఎవరైనా?"

స్విచ్చి వేశాను. మిషన్ మొదలైంది. కానీ పచ్చ దీపాలు ఒక్కటీ లేవు, ఎర్రదొకటే మినుకుమంటోంది. ఆ ముసలి పెట్టెని బీటర్ పీల్చేసింది. కాసేపు కూతపెట్టి మిషన్ ఆగిపోయింది. అత్తయ్య ఆయన వీపు నిమురుతోంది, చీర చెంగుతో విసురుతోంది. అంబులెన్సుకి చేస్తే చెట్లు తొలగించాలన్నారు. మా ఆయనకి చేస్తే, "సిలిండర్ భుజాన వేసుకుని వస్తున్నా, వీధి మొదట్లో ఉన్నా" అన్నాడు. అంతసేపు వెన్నలోకి గాలి కొట్టిన చేతులతో మామయ్య చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, ఇంకేం చెయ్యాలో తెలియక.

"తిట్టమ్మా," అన్నాడు మామయ్య, ఒక్కో మాటకీ ఆగుతూ. "నువ్వు తిడుతుంటే... భయం వెయ్యదు."

తిట్టాను. కరెంటాఫీసుని తిట్టాను, పడిన చెట్లని తిట్టాను. గొప్పలు చెప్పుకునే ముసలాయన్ని తిట్టాను. ఒక్కో తిట్టుకీ ఆయన వేలు నా అరచేతిలో కదిలేది, విన్నానన్నట్టు. కోడలి చేతుల నొప్పి ఎవడు చూడమన్నాడు మిమ్మల్ని అన్నాను. కదిలింది. ఆ నొప్పి మీకు వినపడాలని అరిచానా, నా నోరు అంతే కదా, మీకు తెలీదా అన్నాను.

ఈసారి కదల్లేదు.

అత్తయ్య విసరడం ఆపి నా మొహంలోకి చూసింది. కింద మెట్ల మీద సిలిండర్ ఈడుస్తున్న చప్పుడు మొదలైంది. "వచ్చేశా నాన్నా!" అని అరుస్తున్నాడు మా ఆయన. నేను తిట్టడం ఆపలేదు.