మూడో గడి

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దవాళ్లు కింద హాల్లో భోజనాల దగ్గర చేరితే, పైగదిలో పిల్లలకు తెలుగు చెప్పేది జాన్‌బాబు. జర్మనీలోని బ్యోబ్లింగెన్ తెలుగు క్రైస్తవ సంఘంలో పల్లెటూరి బడిలో తెలుగులోనే చదివినవాడు అతనొక్కడే అని ఆ పని అతని నెత్తిన పెట్టారు. భార్య దేవకుమారి పోయాక మానేస్తాడనుకున్నారు. మానలేదు. పిల్లలు పరామర్శించరు. వాళ్లలో అతనికి నచ్చిన గుణం అదే.

ఆ రోజు బోర్డు మధ్యలో నిలువుగా గీత గీశాడు. ఒక గడి పైన 'నిజం', రెండో గడి పైన 'అభిప్రాయం' అని రాశాడు. చూసి రుజువు చేయగలిగితే ఇటు, మనకు అనిపించేదైతే అటు అన్నాడు. పిల్లలకిది కొత్త కాదు, జర్మన్ బడిలో చెప్పిందే. అయినా ఉప్మా బాగుండదన్న మాటను అందరూ కలిసి నిజం గడిలోనే రాయాలని పట్టుబట్టారు. దాన్ని అవతలికి జరపడానికి అతనికి కాసేపు పట్టింది.

తలా ఒక వాక్యం చెప్పమన్నాడు. సలోమి కూతురు కెరోలిన్ లేచి నిలబడింది. తొమ్మిదేళ్ల పిల్ల, చురుకైనది.

"దేవకుమారి ఆంటీకి విశ్వాసం చాల్లేదు, అందుకే చనిపోయింది. ఇది నిజం గడిలో, అంకుల్."

జాన్‌బాబు చెయ్యి ఆగిపోయింది. ఎవరు చెప్పారని అడిగాడు.

"మమ్మీ. చర్చిలో అందరి ముందూ సాక్ష్యం ఇస్తూ చెప్పింది. సాక్ష్యంలో అబద్ధం చెప్పకూడదు కదా."

అడిగిన కొద్దీ మిగతా పిల్లలు తలో ముక్కా చెప్పారు. అతను డ్యూటీ పడి రాలేకపోయిన ఒక ఆదివారం సలోమి మైకు పట్టుకుందట. తన గడ్డ ప్రార్థనతో కరిగిపోయిందనీ, దేవకుమారి సిస్టర్ ప్రభువును వదిలి డాక్టరు అపాయింట్‌మెంట్లను నమ్ముకుని పోయిందనీ చెప్పిందట. అందరూ ఆమేన్ అన్నారట. ఒక్కరూ అతనితో అనలేదు. మరుసటి వారం నవ్వుతూ అతనికి బిర్యానీ వడ్డించారు.

గొంతు పోయాక కూడా దేవకుమారి పెదవులు కదుపుతూ కీర్తన పాడుకునేది. అది చూడటానికి వీళ్లలో ఒక్కరూ ఆస్పత్రి గడప తొక్కలేదు.

కెరోలిన్‌ను పంపి తల్లిని పిలిపించాడు. సలోమి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. పిల్ల చేత ఆ వాక్యం మళ్లీ చెప్పించాడు. సలోమి ముఖం పాలిపోయింది. కూతుర్ని కిందికి పొమ్మంది. పిల్ల ఇక్కడే ఉంటుందన్నాడు జాన్‌బాబు.

"తప్పయింది బ్రదర్. ఆ ఊపులో ఏదో వచ్చేసింది. మనసులో పెట్టుకోకండి."

"నాతో కాదు. మీ అమ్మాయితో చెప్పండి."

సలోమి బోర్డు వైపు చూసింది. దారి దొరికినట్టుంది, కాస్త తేరుకుంది.

"అది మమ్మీ ఒపీనియన్, నాన్నా. అంకుల్‌ని ఆ రెండో గడిలో రాయమను." ఎవరి అభిప్రాయం వాళ్లది కదా బ్రదర్ అని నవ్వబోయింది కూడా.

అతనికి ఒళ్లు మండింది. మైకులో కూసిన కూతకు ఇక్కడ మెత్తటి పరుపు దొరికింది. ఆ రెండో గడి గీసి, ఆ పరుపు వేసింది తనే.

"ఉప్మా బాగుండదంటే అభిప్రాయం," అన్నాడు పిల్లలతో. "ఒక మనిషి ఎందుకు చచ్చిపోయిందో నోటికొచ్చినట్టు చెప్తే అది అభిప్రాయం కాదు. దేవకుమారి ఆంటీ క్యాన్సర్‌తో చచ్చిపోయింది. డాక్టర్లు చూసి చెప్పారు. అది నిజం."

ఇంకో గీత గీశాడు. మూడో గడి పైన 'అబద్ధం' అని రాసి, దాని కింద కెరోలిన్ చెప్పిన వాక్యాన్ని పెద్ద అక్షరాలతో పూర్తిగా రాశాడు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీది కాదమ్మా తప్పు," అన్నాడు. "నువ్వు విన్నదే చెప్పావు."

పిల్ల ముందు తల్లి పరువు తీస్తారా, పాస్టర్‌గారితో చెప్తాను, ఇక మా అమ్మాయిని పంపను అంది సలోమి. పంపకండి అన్నాడు. ఆమె కూతురి చెయ్యి పట్టుకుని లాగింది. కెరోలిన్ కదల్లేదు.

"మరి మైకులో అందరికీ చెప్పావు కదా, మమ్మీ. ఇప్పుడు అది అబద్ధమని కూడా అందరికీ చెప్పాలి కదా?"

సలోమి అతని వైపు చూసింది. ఒక్క మాట అని ఆ పిల్లను ఊరుకోబెడతాడేమోనని చూసింది. జాన్‌బాబు వెళ్లి తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు. కింద హాల్లో అందరూ ఇంకా తింటూనే ఉన్నారు.