యాప్‌లో కుటుంబ పెద్ద

సాయంత్రం ఐదున్నరకు, మంచం మీద ఆరిన బట్టల కుప్ప ముందు కూర్చుని నేను మా ఆయన సాక్సులకు జతలు వెతుకుతుంటే నా ఫోన్ మోగింది. విమాన సంస్థ యాప్. "అభినందనలు. ఈ రోజు నుంచి మీరు గోల్డ్ సభ్యులు. మీకు ఇరవై వేల పాయింట్లు బహుమతి." తెర మీద ఒక బుల్లి విమానం నీలం గీత దాటి పసుపు గీత మీద వాలింది. దాని చుట్టూ రంగు కాగితాలు రాలాయి. నేను మంచమెక్కి రెండుసార్లు గెంతాను. పెళ్ళికి కొన్న మంచం. రెండు నెలలే అయింది కాబట్టి కిర్రుమనడం ఇంకా నేర్చుకోలేదు.

చిన్న చిన్న వాటికే మురిసిపోయే మనిషిని నేను. పెళ్ళయ్యాక అది ఇంకా ముదిరింది. ఒకే గ్లాసులో రెండు బ్రష్‌లు కనిపిస్తే చాలు, పొద్దున్నే నవ్వొచ్చేది. గుమ్మం పక్కన ఆయన బూట్ల మీద నా చెప్పు ఒకటి ఎక్కి పడుకుని ఉంటే ఫోటో తీసుకున్నాను. అలాంటిదానికి గోల్డ్ వస్తే గెంతకుండా ఎలా ఉంటుంది?

అదీగాక, ఇది ఊరికే వచ్చింది కాదు. కిడ్నీ రోగులకు రక్తం శుద్ధి చేసే యంత్రాలు అమ్మే కంపెనీ మాది. యంత్రం కొన్న ఆసుపత్రికి వెళ్ళి అక్కడి నర్సులకు దాన్ని నడపడం నేర్పడం నా పని. నాలుగేళ్ళుగా నెలకు ఆరేడు ప్రయాణాలు. తెల్లారకముందే టాక్సీ, పదమూడు కిలోల పరికరాల పెట్టె, రెండు మోచేతుల మధ్య నలిగే నడిమి సీటు. ఎక్కిన ప్రతిసారీ యాప్‌లో పాయింట్లు పడతాయి. అవి పోగైతే టికెట్లు తీసుకోవచ్చు, ముందు వరుసల్లో కాళ్ళు చాపుకునే సీట్లకు మారవచ్చు. నాకు కాళ్ళు చాపుకునే కోరిక లేదు. నన్ను పెంచిన పిన్నిని ఒక్కసారి విమానం ఎక్కించాలి, అంతే. పిన్ని ఆసుపత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్ళుగా దుప్పట్లు ఉతుకుతోంది. నేను మొదటిసారి విమానం దిగి ఫోన్ చేసినప్పుడు తను అడిగిన మొదటి మాట, "మబ్బులు పైనుంచి చూసినా తెల్లగానే ఉంటాయా, అడుగున మరకలేమన్నా ఉన్నాయా?" అని. నువ్వే వచ్చి చూసి చెప్పు అన్నాను. ఇన్నేళ్ళుగా ఆ మాటను ఈ నెల, వచ్చే నెల అంటూ జరుపుతూనే ఉన్నాను.

సాక్సులు పక్కకు తోసి, రెండు టికెట్లకు వెతికాను. ఉన్నాయి. "పాయింట్లతో కొనండి" అన్న చోట నొక్కాను. కదల్లేదు. ఆ గడి బూడిద రంగులో ఉంది. కింద సన్నటి అక్షరాలు: "పాయింట్లు వాడే అధికారం కుటుంబ పెద్దకు మాత్రమే ఉంది."

అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళైన మూడో రోజు, ఇదే మంచం మీద. యాప్‌లో కుటుంబ ఖాతా అని ఒకటుంది, అందరి పాయింట్లూ ఒకచోట చేరతాయి. ఆయన ఫోన్ నా ఒళ్ళో పడేసి, "నాకీ ఫోన్ల గోల అర్థం కాదు, నువ్వే చూడు" అని దిండుకు ఆనుకున్నారు. నేను ఆయన పేరు పెట్టి కుటుంబం తెరిచాను. పెద్ద ఎవరని అడిగితే ఆయన్నే పెట్టాను. ఆయన పేరు పక్కన చిన్న కిరీటం వచ్చింది. ఎంత ముద్దుగా ఉందో అనుకున్నాను. తర్వాత ఆయన ఫోన్ నుంచి నాకు ఆహ్వానం పంపాను. నా ఫోన్ తీసి "అంగీకరిస్తున్నాను" నొక్కాను. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని, నన్ను నేనే పిలుచుకుని, నేనే ఒప్పుకున్నాను. నాలుగేళ్ళ తెల్లవారుజాములు చిటికెలో ఆ కిరీటం కిందికి పోయాయి. ఇద్దరి పేర్లూ ఒకే గడిలో కనిపించాయని నేను చప్పట్లు కొట్టాను.

ఆ రోజు నుంచి ఆ యాప్ నా నెత్తిన పడింది. ఆయన చెక్-ఇన్, అత్తయ్య చెక్-ఇన్, అత్తయ్యకు నడవ పక్క సీటు, ఆయనకు కిటికీ. ఆయన పోగొట్టుకున్న బోర్డింగ్ పాస్ కోసం సంస్థకు మూడు ఉత్తరాలు. పని మీద వేరే ఊరి ఆసుపత్రిలో నర్సులకు పైపులు చూపిస్తూ కూడా ఆయన సీటు మార్చాను. "మా ఆవిడ ఉందిగా, ఎయిర్‌లైన్ ఆఫీసే ఇంట్లో ఉన్నట్టు" అని స్నేహితులతో అంటుంటే పక్క గదిలోంచి విని మురిసిపోయాను కూడా. ఆ మురిపానికి ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

కుటుంబ ఖాతా తెరిచాను. ఎనభై వేలకు పైగా ఉండాల్సిన చోట మూడు వందల పన్నెండు ఉన్నాయి. నిన్నటి తేదీ మీద ఒక వరుస: "సీటు మార్పు, ఇద్దరు ప్రయాణికులు." రేపు శనివారం మేం ముగ్గురం ఆడపడుచు కొత్త దుకాణం తెరుస్తుంటే వెళ్తున్నాం. పొద్దున ఆరింటికి విమానం. ఆ విమానంలో ఆయనకూ అత్తయ్యకూ రెండో వరుసలో పెద్ద సీట్లు వచ్చాయి. నాకు ముప్పై ఒకటో వరుస, నడిమి సీటు. ఫోన్ల గోల అర్థం కాని మనిషి ఇదంతా, ఓటీపీతో సహా, నన్నొక్క మాట అడగకుండా పూర్తి చేశారు.

హాల్లో ఆయన టీవీ ముందున్నారు. అత్తయ్య ప్రయాణానికి చీరలు మడత పెడుతోంది.

"నాకు గోల్డ్ వచ్చింది" అన్నాను.

"అబ్బో. మరి పాయింట్లు ఎన్నిచ్చారు?"

"ఇరవై వేలు."

"ఇంకేం, అమ్మా, తిరుగు ప్రయాణం కూడా పెద్ద సీట్లోనే."

"నాకేం వద్దులే నాన్నా" అంటూనే అత్తయ్య నవ్వింది. "కాళ్ళు వాస్తున్నాయి కాబట్టి గానీ."

"అత్తయ్యకు కాళ్ళ వాపులు. మరి మీకు?" అని అడిగాను.

ఆయన టీవీ గొంతు తగ్గించారు. "చూశావా? సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నా. అమ్మని ఒక్కదాన్నే ముందు ఎలా కూర్చోబెడతాం? నువ్వు సన్నగా ఉంటావు, ఎక్కడైనా ఇముడుతావు. నీకు అలవాటే కదా."

"అవి నా పాయింట్లు."

"నువ్వే నాదానివి. పాయింట్లు ఒక లెక్కా?"

నెల కిందట ఈ మాటే విని ఉంటే కరిగి కాలవై ఆయన పాదాల దాకా పారి ఉండేదాన్ని. ఇప్పుడు మాత్రం ఆ మాటను పట్టుకుని తిప్పి చూశాను, బజారులో వంకాయను పుచ్చుందేమోనని చూసినట్టు.

"ఈ ఇరవై వేలతో పిన్నిని తీసుకెళ్తాను. మీ ఫోన్‌లో ఒకసారి ఒప్పుకోండి."

"మీ పిన్నికి ఇప్పుడు విమానం ఎందుకు? ఏ ఊరెళ్ళాలి ఆవిడ?"

"ఏ ఊరూ లేదు. ఎక్కాలని ఉంది."

ఆయనా అత్తయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపులో చిరునవ్వు ఉంది. నాకు ఒళ్ళు మండింది ఆ చిరునవ్వుకే.

"అమ్మాయ్" అంది అత్తయ్య చీర అంచు సరిచేస్తూ, "నువ్వు తిరిగింది కంపెనీ పని మీద, కంపెనీ డబ్బుతో. ఎక్కి కూర్చున్నందుకు వచ్చినవి నీ కష్టం ఎలా అవుతాయి? ఇంటికొచ్చినవి ఇంట్లోవాళ్ళవే."

"అంతే" అన్నారాయన. "ప్రతిదానికీ నాది నీది అనకు. పెట్టెలు సర్దావా?"

గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాను. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. నర్సులకు నేను మొదటి రోజు చెప్పే పాఠం ఒకటే: యంత్రం మొరాయిస్తే కంగారు పడకండి, పుస్తకం తెరిచి చదవండి. ఏ పుస్తకమూ చదవకుండా అంగీకరిస్తున్నాను అని నొక్కింది ఆ పాఠం చెప్పే మనిషే. సరే, ఇప్పుడు చదువుదాం. కుటుంబ ఖాతా నియమాలు, పదిహేడు పేజీలు. సాక్సుల కుప్ప మీద మోచేయి ఆనించి, ఒక్క వాక్యం కూడా వదలకుండా చదివాను.

సభ్యులు ఎప్పుడైనా విడిపోవచ్చు. అప్పటిదాకా ఇచ్చిన పాయింట్లు పెద్ద దగ్గరే ఉంటాయి, తిరిగి రావు. పన్నెండో పేజీలో మరొకటి: బహుమతి పాయింట్లు మొదట సభ్యుల సొంత ఖాతాలో పడతాయి, ఏ రోజువి ఆ రోజు రాత్రి తొమ్మిదికి కుటుంబ ఖాతాకు చేరతాయి.

టైము ఆరూ ఇరవై.

"కుటుంబం నుంచి విడిపోండి" అన్న గడి అన్నిటికంటే అడుగున, ఎర్రగా ఉంది. నొక్కాను. "మీరు నిజంగా మీ కుటుంబాన్ని వదులుకుంటున్నారా?" అని అడిగింది యాప్, ఎవరో పెద్దమ్మ బుగ్గ మీద వేలేసుకుని అడిగినట్టు. కారణం కూడా చెప్పమంది. నాలుగు కారణాలు ఇచ్చింది, ఒకటి ఎంచుకోవాలట. నాలుగోది "ఇతరములు". అదే నొక్కాను. కిరీటం ఉన్న గడిలోంచి నా పేరు మాయమైంది. నా పేరు ఒక్కటే కొత్త పేజీలో, పక్కన ఏ బొమ్మా లేకుండా, ఇరవై వేల పాయింట్లతో నిలబడింది. చూస్తే మళ్ళీ అదే పిచ్చి సంతోషం. గెంతలేదు గానీ మంచం మీద మడమలు రెండుసార్లు ఆడించాను. బూడిద గడి నీలంగా మారింది. నేను వెళ్ళాల్సిన ముప్పై ఒకటో వరుసను రద్దు చేశాను. రేపటికే, రానూపోనూ రెండు టికెట్లు తీసుకున్నాను. పిన్నికి కిటికీ.

పిన్నికి ఫోన్ చేశాను. వెనకాల లాండ్రీ యంత్రాల హోరు. "రేపా? రేపు నాకు మధ్యాహ్నం డ్యూటీ" అంది.

"మార్పించుకో పిన్నీ."

హోరుకు దూరంగా నడిచినట్టుంది, చప్పుడు తగ్గింది. తర్వాత, "మీ ఆయనకు చెప్పావా?"

"ఇప్పుడు చెప్తాను."

"గొడవవుతుందేమోనే."

"అవనీ."

"సరే అయితే" అంది పిన్ని. గొంతు కొంచెం తగ్గించి, "చెప్పులు వేసుకునే ఎక్కొచ్చుగా?"

హాల్లోకి వెళ్ళేసరికి ఆయన ఫోన్ చేతిలో పట్టుకుని ఉన్నారు. ఆయనకు సందేశం చేరింది కాబోలు. "ఇదేంటి, సభ్యురాలు విడిపోయారని వచ్చింది? ఏం నొక్కావు నువ్వు?"

"ఏం నొక్కానో చదివే నొక్కాను."

"మరి అమ్మ తిరుగు ప్రయాణం?"

"ముప్పై ఒకటో వరుసలో బాగానే ఇముడుతారు. అలవాటవుతుంది."

అత్తయ్య మడత పెడుతున్న చీర ఒళ్ళోకి జారింది. "ఏం మాటలివి? రేపు నీ ఆడపడుచు ముందు మా పరువేం కాను? కోడలు రాలేదంటే ఏం చెప్పుకోవాలి?"

"పని ఉందని చెప్పండి అత్తయ్యా. నిజమే కదా."

"నీతో మాట్లాడాలి, ఇలా కూర్చో" అన్నారాయన. ఆ గొంతులో ఇప్పుడు నాదానివి అన్న తీపి లేదు, పెళ్ళైన ఈ రెండు నెలల్లో నేను వినని గొంతు. మాట్లాడాలి, నిజమే. చాలా ఉన్నాయి మాట్లాడాల్సినవి. కానీ అవి ఆయన కూర్చోమన్నప్పుడు నేను కూర్చుని మాట్లాడేవి కావు.

"ఆదివారం సాయంత్రం మీరు తిరిగి వచ్చాక మాట్లాడుకుందాం" అన్నాను. "రేపు పొద్దున పదింటికి పిన్నీ నేనూ విమానం ఎక్కుతున్నాం. సాయంత్రానికల్లా అదే విమానంలో తిరిగొచ్చి, రాత్రికి పిన్ని ఇంట్లో ఉంటాను. మీది ఆరింటికి. టాక్సీకి చెప్పుకోండి, చెక్-ఇన్ చేసుకోండి, అలారం మీరే పెట్టుకోండి."